గుండెలో బ్లాకు లేదు, మెడలో లేదు, తలలో ఉందట. ఎలా?

ప్రశ్న (విజయవాడ నుంచి ఒకరు అడిగింది, కుదించి రాస్తున్నాను): "మా నాన్నకు 62 ఏళ్లు, షుగర్ ఉంది. పోయిన వారం ఎడమ చెయ్యి, కాలు పడిపోయాయి. గుండె యాంజియోగ్రామ్ రెండేళ్ల క్రితం నార్మల్. ఇప్పుడు మెడ డాప్లర్ (మెడ రక్తనాళాల స్కాన్) తీస్తే అదీ పెద్దగా ఏం లేదన్నారు. మెదడు లోపలి రక్తనాళంలో మాత్రం బ్లాకు ఉందట. ఒకే ఒంట్లో ఒకచోట ఉండి ఇంకోచోట లేకపోవడం ఏమిటి? ఏదో ఒక రిపోర్టు తప్పా? స్టెంటు వేయించాలా?"

జవాబు:

రిపోర్టు తప్పయి ఉండకపోవచ్చండీ. మూడూ ఒకేసారి నిజం కావచ్చు. మా ఇంట్లో దాదాపు ఇదే జరిగింది, అందుకే కాస్త పొడుగ్గా రాస్తున్నాను. నేను డాక్టర్ని కాను. గుంటూరులో స్టేషనరీ షాపు నడుపుకునేవాణ్ని. మా నాన్న ఫైలు చంకలో పెట్టుకుని కొత్తపేట ఆసుపత్రుల చుట్టూ ఏళ్ల తరబడి తిరిగాను కాబట్టి, అర్థం కానిది అడిగి అడిగి బొమ్మలు గీయించుకున్నాను కాబట్టి, తెలిసింది ఇది.

మా నాన్న ఇరిగేషన్‌లో లస్కర్‌గా చేసి రిటైరయ్యాడు. కృష్ణా పడమటి కాలువ మీద, దుగ్గిరాల వైపు. లస్కరంటే తెలియనివాళ్ల కోసం చెబుతున్నా: కాలువ గట్ల మీద తిరుగుతూ తూములు ఎత్తడం, దించడం, గండ్లు పడకుండా కాపు కాయడం, నీళ్లు అందని రైతుల చేత తిట్లు తినడం. ఈ ఉద్యోగం సంగతి ఎందుకంటే, డాక్టర్లు చెప్పింది నాకు సగమే ఎక్కింది, ఆయనకు మాత్రం మొత్తం ఎక్కింది.

2017లో ఛాతీలో మంట అంటే యాంజియోగ్రామ్ చేయించాం. "కంగారు పడాల్సిందేం లేదు" అన్నారు. ఆ సీడీని బీరువాలో పొలం కాగితాల పక్కన దాచుకున్నాం, అంత ధీమా. బీపీకి, కొవ్వుకి మాత్రలు రాశారు. కొవ్వు మాత్ర ఆర్నెల్లు వేసుకుని ఆపేశాడు. "గుండెకే బ్లాకు లేనప్పుడు ఈ గోళీలెందుకురా" అన్నాడు. నేనూ కాదనలేదు. బీపీ మాత్ర గుర్తొచ్చిన రోజున వేసుకునేవాడు. చుట్ట మాత్రం రోజూ గుర్తుండేది.

2019 డిసెంబరులో ఒక పొద్దున కాఫీ తాగుతుంటే స్టీలు గ్లాసు కుడి చేతిలోంచి జారి కింద పడింది. వంగి తీయబోయాడు. వేళ్లు గ్లాసు చుట్టూ వెళ్లాయి గానీ మూసుకోలేదు. గ్లాసుని తోసుకుంటూ పోయాయి, అది గచ్చు మీద దొర్లింది. ఏదో అనబోతే మాట ముద్దగా వచ్చింది. పది నిమిషాల్లో అంతా మామూలైంది. "చలికి నరం పట్టేసింది" అన్నాడు. అమ్మ కొబ్బరినూనె కాచి రాసింది. నేను షాపు తెరవడానికి వెళ్లిపోయాను. ఆ పది నిమిషాలు మెదడుకి రక్తం ఆగి మళ్లీ అందిందని, అలాంటిది జరిగిన తర్వాత మొదటి రెండు మూడు రోజుల్లోనే అసలు దెబ్బ పడే ప్రమాదం ఎక్కువని నాకు అప్పుడు తెలియదు. మూడో రోజు తెల్లారి లేచేసరికి కుడి పక్క చచ్చుబడి ఉంది, మాట లేదు. రాత్రి పదింటికి బాగానే పడుకున్నాడు. ఆసుపత్రికి చేరేసరికి పొద్దున ఎనిమిదైంది. గడ్డ కరిగించే ఇంజెక్షన్‌కి నాలుగున్నర గంటల లోపు వెళ్లాలి. నిద్రలో ఎప్పుడు వచ్చిందో తెలియనప్పుడు, మామూలుగా చివరిగా బాగున్నట్టు చూసిన సమయం నుంచే లెక్క వేస్తారు. అలా ఆ అవకాశం పోయింది. గడ్డని తీగతో లాగే పద్ధతి కొందరికి 24 గంటల వరకు చేస్తారట గానీ, నాన్నకు నాళం పూర్తిగా మూసుకుపోలేదు, బాగా సన్నబడింది. అందుకని అదీ వద్దన్నారు.

(ఆ వారం మా ఇంటికి వచ్చిన ప్రతి చుట్టం పక్షవాతానికి పావురం నెత్తురు మందని చెప్పి వెళ్లాడు. అమ్మ ఒకరోజు నిజంగానే పావురం కోసం మనిషిని పంపింది. ఆ మనిషికి పావురం దొరకలేదు, నా అదృష్టం.)

ఎంఆర్ఐతో పాటు మెదడు రక్తనాళాల బొమ్మ కూడా తీశారు, ఎంఆర్ఏ అంటారు. నరాల డాక్టరమ్మ ఫిల్మును వెలుతురు పెట్టె మీద పెట్టి చూపించింది. నల్లటి బొమ్మలో తెల్లటి కొమ్మలు. కుడి పక్క కొమ్మ నిండుగా, ఒకే మందంతో సాగింది. ఎడమ పక్క కొమ్మ మొదలైన కాసేపటికే సన్నబడి, దారప్పోగంత అయి, దాదాపు కనబడకుండా పోయి మళ్లీ కనబడింది. మధ్య మెదడు ధమని అన్నమాట, రిపోర్టులో ఎం.సి.ఏ. అని ఉంటుంది. మెదడు ఎడమ సగం ఒంటి కుడి పక్కని నడిపిస్తుంది, చాలామందికి మాట కూడా అక్కడే. లెక్క సరిపోయింది.

ఇక డాప్లర్ చూస్తే మెడలో కుడి పక్క నాళం 30 శాతం సన్నబడి ఉంది, ఎడమ పక్క శుభ్రం. అంటే దెబ్బ తిన్న వైపు మెడ బాగుంది, దెబ్బ తినని వైపు కొంచెం పాడైంది. గుండెలో పెద్దగా ఏం లేదు. అంతటితో ఆగకుండా డాక్టరమ్మ దుప్పటి తీసి రెండు పాదాల మీదా వేళ్లు పెట్టి చూసింది. ఎడమ పాదంలో నాడి అందీ అందనట్టు ఉందంది. రిటైరైన దగ్గర్నుంచి నాన్న సంతకి నడిచి వెళ్లేటప్పుడు మధ్యలో ఆగి పిక్క నొక్కుకునేవాడు. మేం ముసలితనం అనుకున్నాం, అది కాలి నాళం సన్నబడ్డ గుర్తట. ఒక్క మనిషి ఒంట్లో నాలుగు చోట్ల నాలుగు రకాలు.

"ఇదెలా?" అని మీరు అడిగినట్టే నేనూ అడిగాను. అప్పటికి నాన్నకి మాట సగం వచ్చింది, కానీ పదాలు తారుమారయ్యేవి. చెంచాని తూము అనేవాడు, డాక్టరమ్మని సూపర్వైజరు గారూ అనేవాడు. మూడు నెలల తర్వాత చెకప్‌కి వెళ్లినప్పుడు మాట బాగా కుదుటపడింది. ఆవిడ మందుల చీటీ వెనక్కి తిప్పి చీలిన నాళం బొమ్మ గీసి, "రక్తం సాఫీగా, వేగంగా పారే చోట గోడ ఆరోగ్యంగా ఉంటుంది. చీలేచోట, మలుపుల్లో ప్రవాహం మందగించి వెనక్కీ ముందుకీ ఊగుతుంది, అక్కడ గోడ పాడవుతుంది" అంటుంటే నాన్న మధ్యలో అందుకున్నాడు.

"ఇందులో తెలీందేముందండీ? కాలవలో పూడిక అంతటా ఒక్కలా పడుద్దా? మలుపులో లోపలి గట్టున పడుద్ది. చీలిక కాడ నీళ్లు కొట్టుకునే ముక్కు మీద పడదు, ఎదర గట్టున సుడి తిరిగే కాడ పడుద్ది."

ఆవిడ పెన్ను ఆపి ఆయన వంక చూసింది. మెడలో పెద్ద నాళం రెండుగా చీలేచోట కొవ్వు పేరుకునేది సరిగ్గా అక్కడే, చీలిక ముక్కుకి ఎదుటి గోడన. "కానీ తాతగారూ, ఒక్క తేడా ఉంది" అంది. ఇది నీళ్లలోంచి అడుగున పడే పూడిక కాదు. కొవ్వు గోడ లోపలికి దూరి, వాచి, గోడనే ఉబ్బిస్తుంది. ఉబ్బు పైపొర చిట్లితే అక్కడ రక్తం గడ్డకడుతుంది.

"అయితే గట్టే జారుతుందన్నమాట" అన్నాడు నాన్న.

ఈ మాట మీ మొదటి అనుమానానికి కూడా జవాబు. గట్టు ముందు బయటికి ఉబ్బుతుంది, కాలువ వెడల్పు అంతే ఉంటుంది. యాంజియోగ్రామ్‌లో కనబడేది పారే రక్తమే, గోడ కాదు. గోడలో కొవ్వు చేరుతున్నా నాళం బయటికి సాగి దారిని అలాగే ఉంచుతుందని, గోడ లోపలి వైశాల్యంలో దాదాపు 40 శాతం కొవ్వు ఆక్రమించే వరకు దారి సన్నబడదని 1987లో గ్లాగోవ్ అనే పాథాలజిస్టు బృందం గుండె నాళాల మీద చూపించింది. కాబట్టి "యాంజియోగ్రామ్ నార్మల్" అంటే "దారి సన్నబడలేదు" అని అర్థం, "గోడలు కొత్తగా ఉన్నాయి" అని కాదు. మేం దాన్ని రెండో అర్థంలో తీసుకుని మాత్రలు మానేశాం. స్కాన్ చేసినవాళ్లు అబద్ధం చెప్పలేదు. ఆ తేడా ఒక్క ముక్కలో చెప్పి ఉంటే బాగుండేదని మాత్రం నాకు ఇప్పటికీ ఉక్రోషంగానే ఉంది.

పైగా నాళాలన్నీ ఒకే బట్టతో కుట్టినవి కావు. తల లోపలి ధమనుల గోడ పలచగా ఉంటుంది, బయటి నాళాలకుండే వెలుపలి సాగే పొర వాటికి ఉండదు. చిన్న వయసులో అవి గుండె, మెడ నాళాల కన్నా గట్టిగానే తట్టుకుంటాయి, జబ్బు వాటిలో కొన్నేళ్లు ఆలస్యంగా మొదలవుతుంది. కానీ షుగర్, బీపీ చాలాకాలం పీడిస్తే ఆ ఆలస్యం కాస్తా పోతుంది. మీ నాన్నగారికి షుగర్ ఉందన్నారు కదా, అందుకే ఇది గట్టిగా చెబుతున్నా. ఇంకా చిత్రం, ఛాతీ గోడ లోపల ఒక ధమని ఉంటుంది, గుండె నాళాలన్నీ పాడైన మనిషిలో కూడా అది చాలాసార్లు బాగానే ఉంటుంది. బైపాస్‌లో దాన్నే తెచ్చి గుండెకి అతుకుతారు. అదే రక్తం, అదే కొలెస్టరాల్, గోడ వేరు.

మనిషికీ మనిషికీ మధ్య కూడా తేడా ఉంది. తెల్లజాతి వాళ్లలో స్ట్రోక్ (పక్షవాతం) తెచ్చే బ్లాకు మెడలో ఎక్కువ. ఆసియా వాళ్లలో, నల్లజాతి వాళ్లలో తల లోపల ఎక్కువ. మనకి దూరం కూడా పోనక్కర్లేదు, హైదరాబాద్ నిమ్స్ నుంచి 2002లో వచ్చిన స్ట్రోక్ రోగుల లెక్కలో పెద్ద నాళాల జబ్బే ముందుంది, అందులోనూ తల లోపలిది. జన్యువులా, షుగరా, బీపీయా, ఇందులో దేని వాటా ఎంతనేది డాక్టరమ్మ తేల్చి చెప్పలేదు. ఒక్కటి చెప్పింది: కొలెస్టరాల్, పొగ మెడ నాళాల మీద ఎక్కువ పగబడతాయి, షుగర్ తల లోపలి వాటి మీద, బీపీ మరీ లోపలి సన్నటి నాళాల మీద. పొగ, షుగర్ రెండూ కాళ్లని కూడా వదలవు. ఎవరికి ఏది ఎక్కువుంటే ఆ వైపు మొగ్గు, అంతేగాని గీత గీసినట్టు కాదు.

సన్నటి నాళాలన్నాను కదా, అది మూడో రకం. పెద్ద ధమని నుంచి నిటారుగా చీలి మెదడు లోతుల్లోకి పోయే దారాల్లాంటి నాళాలు, మిల్లీమీటరు కన్నా సన్నం. పెద్ద కాలువ ఒత్తిడి నేరుగా పిల్ల తూము మీద పడినట్టు ఏళ్ల తరబడి బీపీ దెబ్బ వాటి మీద పడి గోడలు బిరుసెక్కుతాయి. అవి మూసుకుంటే ఒకటిన్నర సెంటీమీటరు లోపు చిన్న దెబ్బ కనబడుతుంది, రిపోర్టులో లాక్యూనార్ అని రాస్తారు. వీళ్లకి మెడలో, తలలో పెద్ద నాళాలు రెండూ శుభ్రంగా ఉండొచ్చు. ఇంకొందరికి నాళాలన్నీ బాగుండి, గుండె లయ తప్పి అందులో కట్టిన గడ్డ మెదడుకి ఎగిరిపోతుంది. అందుకే ఈసీజీ ఒకసారి తీసి వదిలేయకుండా ఒకటి రెండు రోజులు హోల్టర్ (గుండె లయని ఆపకుండా నమోదు చేసే చిన్న యంత్రం) తగిలించి చూస్తారు. అది తేలితే మందే మారిపోతుంది, ఆస్పిరిన్ చాలదు, వేరే రకం రక్తం పలచన మందు కావాలి.

ఇక స్టెంటు, అంటే నాళాన్ని తెరిచి ఉంచే జాలీ గొట్టం. ముందు మెడ ఆపరేషన్ సంగతి చెబుతాను. మా బావ హైదరాబాద్ నుంచి ఫోన్ చేసి, అమెరికాలో వాళ్ల మేనేజర్‌కి మెడలో ఆపరేషన్ చేశారని, నాన్నకీ చేయించెయ్యమని గంటసేపు వాయించాడు. డాక్టరమ్మకి చెబితే నవ్వి, "కుడి మెడలో 30 శాతం ఈ కేసులో సాక్షి కూడా కాదు, పక్కింటివాడు" అంది. మెడ నాళం తెరిచి కొవ్వు తీసేసే ఆ ఆపరేషన్ గొప్పదే, కాకపోతే ఎవరికంటే, ముఖ్యంగా దెబ్బ తిన్న మెదడు వైపే మెడ నాళం 70 శాతం పైన సన్నబడినవాళ్లకి. 1991లో వచ్చిన నాసెట్ అనే పెద్ద పరిశోధనలో అలాంటివాళ్లకి రెండేళ్లలో ఆ వైపు మళ్లీ స్ట్రోక్ రావడం మందులతో 26 శాతం ఉంటే, ఆపరేషన్‌తో 9 శాతానికి దిగింది. చేస్తే స్ట్రోక్ వచ్చిన రెండు వారాల్లోపే చెయ్యాలంటారు.

తల లోపలి బ్లాకు కథ దీనికి పూర్తిగా తిరగబడింది. అక్కడ స్టెంటు బాగుంటుందనే అందరూ అనుకున్నారు. 2011లో శాంప్రిస్ అనే ట్రయల్‌లో 451 మందిని రెండు జట్లుగా చేసి పోల్చారు. నెల రోజుల్లో స్ట్రోక్ గానీ మరణం గానీ స్టెంటు జట్టులో 14.7 శాతం, గట్టిగా మందులు వాడిన జట్టులో 5.8 శాతం. దాంతో ట్రయల్‌లో కొత్తవాళ్లని చేర్చుకోవడం మధ్యలోనే ఆపేశారు. తల లోపలి నాళాలు సుమారు రెండు నుంచి నాలుగు మిల్లీమీటర్లే ఉంటాయి, అంచుల్లో ఆ దారాల్లాంటి పిల్ల నాళాలు చీలుతుంటాయి. స్టెంటు పెట్టి కొవ్వుని పక్కకి నొక్కితే వాటి మూతులు మూసుకుపోవచ్చు. కాబట్టి తల లోపలి బ్లాకుకి మొదటి మాటగానే ఎవరైనా స్టెంటు అంటే, ఇంకో నరాల డాక్టర్ని కూడా అడగండి. మందులు సరిగ్గా వాడుతున్నా మళ్లీ మళ్లీ వస్తున్నవాళ్ల సంగతి వేరు.

నాన్నకి ఇచ్చింది ఇదీ: ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ రెండూ కలిపి మూడు నెలలు, ఆ తర్వాత ఆస్పిరిన్ ఒక్కటే. కొవ్వు మాత్ర పెద్ద డోసులో, చెడ్డ కొలెస్టరాల్ 70కి లోపు దిగేదాకా. బీపీ పై అంకె 140 దాటకుండా. మీ డాక్టరు చెప్పకుండా ఇవి మీరు మొదలుపెట్టకండి, ముఖ్యంగా ఆ రెండు పలచన మందులూ కలిపి ఎక్కువకాలం వాడితే రక్తస్రావం ప్రమాదం ఉంది. తిండిలో మా గుంటూరు వాళ్లకి కారం తగ్గించమంటారేమో అని భయపడ్డాం. ఆవిడ కారం జోలికే పోలేదు, పచ్చట్లో ఉప్పు పట్టుకుంది. ఆవకాయ జాడీ అటక ఎక్కింది, గోంగూర పచ్చడి ఉప్పు తగ్గించి ఏ పూటకాపూట చేస్తున్నారు. చుట్ట మానడానికి ఏడాది పట్టింది. నిజం చెప్పాలంటే మాన్పించింది డాక్టరు కాదు, కుడి చేతి వేళ్లు. చుట్ట చుట్టడం ఆ వేళ్లకి చాతకాలేదు, కొని తాగడం నామోషీ అనుకున్నాడు.

మీరు ఇప్పుడు చేయాల్సిందల్లా డాక్టర్ని రెండు ముక్కలు అడగడం. ఈ దెబ్బకి కారణమైన నాళం ఏది? మిగతా చోట్ల కనబడ్డవాటికి దీనికీ సంబంధం ఉందా? మెడ డాప్లర్ మెడనే చూస్తుంది, పుర్రె లోపల చూడదు, కాబట్టి ఆ కాగితం మీద "నార్మల్" అన్న మాటకి అంతకు మించి విలువ ఇవ్వకండి. గుండెలో లక్షణాలు లేకపోయినా స్ట్రోక్ వచ్చినవాళ్లలో చాలామందికి గుండె నాళాల్లో ఎంతో కొంత కొవ్వు ఉంటుందట, ఆ పాత యాంజియోగ్రామ్ చూసి గుండె సంగతి మర్చిపోవద్దు. పాదాల నాడి చూడమనండి, దానికి డబ్బులు కూడా కావు.

ఎంఆర్ఏ రిపోర్టులో చివర "ఇంప్రెషన్" అని ఉన్న నాలుగు లైన్లు తెలుగులో ఇక్కడ పెట్టండి, ఏ నాళమో ఏ వైపో నాకు తెలిసినంత వరకు విడమరిచి చెబుతాను. సీడీ కూడా అడిగి తీసుకోండి. మేం ఫిల్ములు చుట్టి బస్సులో తెచ్చాం, సరిగ్గా ఆ సన్నబడిన చోటే మడత పడింది.